జనవరిలో శ్రీనగర్ లోడు: డీజిల్ పేరుకోకుండా ఏం చేయాలి?

తాడిపత్రి నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. కొత్తగా పన్నెండు టైర్ల బీఎస్-6 లారీ తీసుకున్నాడు. బండల లోడుతో ఢిల్లీ పోయి, అక్కడ దింపి, శ్రీనగర్‌కు ఇంకో లోడు ఎత్తాలి. జనవరి రెండో వారం. "అన్నా, అక్కడి చలికి డీజిల్ గడ్డకడుతుందంట కదా. కిరసనాయిలు కలుపుకుంటే సరిపోతుందని మా దగ్గర పాత డ్రైవర్లు అంటున్నారు. నిజమేనా?" అని.

అన్నా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తాను. నేను గుత్తిలో పంపులు, నాజిళ్ల పని చేస్తాను. అంతకుముందు పదిహేడేళ్లు స్టీరింగ్ పట్టాను. చలికాలంలో కాశ్మీర్‌కు తొమ్మిది ట్రిప్పులు కొట్టాను, అందులో రెండుసార్లు డీజిల్ పేరుకుని రోడ్డు మీద నిలబడ్డాను. రెండుసార్లూ తప్పు నాదే.

ముందు నువ్వడిగిన దానికి జవాబు. అవును, పేరుకుంటుంది. కిరసనాయిలు మాత్రం వద్దు, నీ బండికి అసలే వద్దు. కింద ఊళ్లలో పోయించిన డీజిల్ జమ్ము చేరేలోపు అయిపోయేలా చూసుకో. కొండ ఎక్కే ముందు అక్కడి లారీలు పోయించుకునే బంకులో ట్యాంకు నింపు. డీజిల్ ఫిల్టర్లు కొత్తవి వేయించి, ఇంకో జత క్యాబిన్‌లో పెట్టుకో. పేరుకోకుండా డీజిల్‌లో పోసే మందు దొరుకుతుంది, అది చలి తగలక ముందే పోయాలి. ఏం చేసినా ముందురోజు సాయంత్రం లోపలే చేయాలి. పొద్దున బండి ఆగిపోయాక చేసేవన్నీ తిప్పలే.

ఎందుకో చెబుతాను, కొంచెం ఓపిగ్గా చదువు.

డీజిల్‌లో సహజంగానే మైనం ఉంటుంది. కొవ్వొత్తిలో ఉండేదాని జాతే. అది కల్తీ కాదు, బాగా మండేది కూడా అదే. మామూలు వేడిలో డీజిల్‌లో కరిగిపోయి ఉంటుంది కాబట్టి కంటికి కనపడదు. చలి పెరిగేకొద్దీ సన్నటి రేకులుగా బయటపడుతుంది. మన ఇళ్లలో డిసెంబరు పొద్దుట కొబ్బరినూనె సీసా బోర్లించినా చుక్క రాదే, అలాగే అనుకుంటారు అందరూ. అక్కడే పొరపాటు. కొబ్బరినూనె సీసా మొత్తం గట్టిపడుతుంది. డీజిల్ అట్లా కాదు. ట్యాంకులో అది ఇంకా నీళ్లలాగా కదులుతూనే ఉంటుంది, కానీ ఆ రేకులు పోయి ఫిల్టరు కాగితానికి అతుక్కుంటాయి. ఫిల్టరు రంధ్రాలు కొన్ని మైక్రాన్లు మాత్రమే, అంటే వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండవు. కాబట్టి ట్యాంకు మూత తీసి చూసి "బాగానే ఉంది, గడ్డకట్టలేదు" అనుకుంటే మోసపోతావు. బండి ఆగేది ట్యాంకు దగ్గర కాదు, ఫిల్టరు దగ్గర.

అందుకే డీజిల్ చలికి తట్టుకోవడాన్ని మూడు దశల్లో చూస్తారు. మసకబారడం మొదటిది. ఫిల్టరు మూసుకుపోవడం రెండోది, దీన్ని సీఎఫ్‌పీపీ అంటారు. పూర్తిగా కదలకుండా పోవడం చివరిది, అది పోర్ పాయింట్ అన్నమాట. మన దేశంలో డీజిల్‌కు ఐఎస్ 1460 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం సీఎఫ్‌పీపీ ఎండాకాలం సరుకులో 18 డిగ్రీలు, చలికాలం సరుకులో 6 డిగ్రీలు దాటకూడదు. మైనస్ 6 కాదు, మామూలు 6. ఇది ఒప్పుకునే గరిష్ఠ హద్దు. బంకులో దొరికే సరుకు అంతకంటే మెరుగ్గానే ఉండొచ్చు, కానీ దాని మీద నమ్మకం పెట్టుకుని కొండ ఎక్కలేం కదా. శ్రీనగర్‌లో డిసెంబరు 21 నుంచి నలభై రోజులు చిల్లై కలాన్ అంటారు, ముదిరిన చలి. రాత్రిపూట మైనస్ 4, మైనస్ 5 మామూలు విషయం. నువ్వు సరిగ్గా ఆ నడుమలో పోతున్నావు.

ఇంకొక మెలిక ఉంది, చాలామందికి తెలియదు. ఆ ప్రమాణంలో చలికాలం అంటే నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే. మార్చి వచ్చిందంటే కాగితం మీద ఎండాకాలం. కాశ్మీర్ కొండలకు ఆ సంగతి తెలియదు కదా! నేను రెండోసారి ఆగిపోయింది మార్చిలోనే. చలికాలం పోయిందిలే అని మందు పోయలేదు, ఫిల్టరూ మార్చలేదు. బనిహాల్ దగ్గర రాత్రి మంచు పడింది, పొద్దున కథ మొదలైంది. తిరుగు ట్రిప్పు ఆలస్యమై నువ్వు మార్చి దాకా అక్కడే తిరిగితే ఇది గుర్తుపెట్టుకో.

మొదటిసారి ఆగింది 2011 జనవరిలో, కాజీగుండ్‌లో. అది వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను నేర్చుకున్నదంతా ఆ ఒక్క పొద్దుటే. అప్పట్లో పాత జవహర్ సొరంగం గుండానే పోవాలి. సొరంగం దాటి దిగేసరికి చీకటి పడింది, ముందు రోడ్డు ఆపేశారు. నా బండికి రెండు ట్యాంకులు. రెండో ట్యాంకులో నాగపూర్ దాటాక ఒక చిన్న బంకులో పోయించిన డీజిల్ ఉంది. అక్కడ తెలిసినవాళ్లు ఉద్దెర ఇచ్చారని నిండుగా పోయించుకున్నాను. పెద్దగా బండ్లు ఆగని బంకు అది, ఎన్ని నెలల సరుకో ఏమో. రాంబన్ దగ్గర మొదటి ట్యాంకు అయిపోతే రెండో దాని వాల్వు తిప్పాను.

పొద్దున ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అయింది. క్లీనర్ పిల్లవాడు చప్పట్లు కొట్టాడు. పది నిమిషాలు ఐడిలింగ్‌లో పెట్టి టీ తాగుదామని దిగాను. గ్లాసు చేతిలో ఉండగానే ఇంజిన్ గొంతు మారింది. తగ్గింది, లేచింది, మళ్లీ తగ్గింది, ఆగిపోయింది. స్టార్ట్ అయి ఐదు పది నిమిషాలకు ఆగిపోవడమే దీని అసలు గుర్తు. లైనులో, ఫిల్టరు డబ్బాలో ఉన్న కాస్త డీజిల్‌తో ఇంజిన్ నడుస్తుంది. ఆలోపల ట్యాంకు నుంచి వచ్చే మైనం ఫిల్టరు మీద పొరలు పొరలుగా పేరుకుంటుంది. ఘాటు మీద ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కినా లాగకపోవడం కూడా ఇదే.

ఎయిర్ పట్టిందేమో అని హ్యాండ్ పంపు (లైనులోకి చేత్తో నొక్కి డీజిల్ ఎక్కించేది) నొక్కాను. రాయిని నొక్కినట్టు ఉంది. ఇది నీకు పనికొచ్చే సంగతి. మా పాత బండ్ల మాదిరి హ్యాండ్ పంపు ఫిల్టరుకు ముందు ఉంటే, నొక్కినప్పుడు లోపలికి పోనంటే దాని తర్వాత ఉన్న ఫిల్టరు మూసుకుంది. నొక్కింది తిరిగి పైకి లేవకపోతే ట్యాంకు వైపు లైనో, జాలీయో మూసుకుంది. ఏ పట్టూ లేకుండా టపటపమంటూ పోతే ఎయిర్. చేతికి తెలిసిపోతుంది.

ఫిల్టరు డబ్బా విప్పాను. అడుగున పసుపు తెలుపు కలిసిన ముద్ద, కాగితం మడతల నిండా మీగడ పూసినట్టు ఉంది. వేలితో తీసి రెండు వేళ్ల మధ్య రుద్దితే క్షణంలో కరిగి ఉత్త డీజిల్ జిడ్డు అయిపోయింది. ఇప్పటికీ షాపుకు ఎవరైనా ఫిల్టరు తెస్తే ముందు ఆ పనే చేస్తాను. వేలి వేడికి కరిగితే మైనం. కరగకుండా నల్లగా, జిగటగా సాగితే ట్యాంకులో పాచి పట్టింది. గరగరలాడి నీళ్లయిపోతే అది మంచుగడ్డ, అంటే డీజిల్‌లో నీళ్లున్నాయి. మూడింటికీ మందులు వేరు. తర్వాత ట్యాంకు మూత తీసి టార్చి వేసి చూశాను. డీజిల్ హాయిగా కదులుతోంది, కాకపోతే బియ్యం కడిగిన నీళ్లలాగా మసకగా ఉంది. అంతే తేడా.

పక్క లారీ సోపోర్ డ్రైవర్‌ది. వచ్చి చూసి "జమ్ గయా" అన్నాడు, నన్ను చూసి తల ఊపాడు. హోటల్ నుంచి రెండు బిందెల వేడినీళ్లు మోయించాడు. ఫిల్టరు హౌసింగ్‌కు, పైపులకు గోనెపట్టాలు చుట్టించి, వాటి మీద కొంచెం కొంచెంగా నీళ్లు పోయించాడు. తన దగ్గరున్న కొత్త ఫిల్టరు ఇచ్చాడు. దాని నిండా తన బండి డీజిల్ పోసి బిగించాం. మూడు గంటలు పట్టింది. డబ్బులిస్తే ఫిల్టరుకే తీసుకున్నాడు.

సరే, ఇక నీ ట్రిప్పు లెక్క చూద్దాం. తాడిపత్రి నుంచి గుత్తికి వచ్చి 44వ నంబరు హైవే ఎక్కుతావు. అదే రోడ్డు కర్నూలు, హైదరాబాదు, నాగపూర్, ఢిల్లీ మీదుగా నేరుగా శ్రీనగర్ పోతుంది. ఢిల్లీ దగ్గరదగ్గర 1,900 కిలోమీటర్లు. లోడుతో లీటరుకు నాలుగు ఇచ్చిందనుకున్నా 475 లీటర్లు. నీ ట్యాంకు నాలుగు వందల లీటర్లదే అనుకుందాం. ఇక్కడ పోయించింది ఢిల్లీ లోపలే అయిపోతుంది, కాబట్టి మన డీజిల్‌తో పేచీ లేదు. పేచీ వచ్చేది ఢిల్లీ చుట్టుపక్కల. మనకంటే రేటు తక్కువ కదా అని అందరూ అక్కడ ట్యాంకు మూతి దాకా పోయిస్తారు. బాగేపల్లి పోతే కర్ణాటక డీజిల్‌తో నింపుకుని వచ్చే అలవాటు మనకు, అదే చేయి అక్కడా పనిచేస్తుంది. కానీ ఢిల్లీ నుంచి జమ్ము ఆరు వందల కిలోమీటర్ల లోపే, అంటే 150 లీటర్లు. నాలుగు వందలు నింపితే జమ్ములో ఇంకా 250 మిగిలి ఉంటుంది. పైన పోయించడానికి చోటెక్కడ?

కాబట్టి ఢిల్లీలో జమ్ము చేరడానికి సరిపడా, ఒక ముప్పై నలభై లీటర్లు అదనంగా పోయించుకో. జమ్ములోనో ఉధంపూర్‌లోనో నింపు. బంకు ఎంచుకోవడంలో నా లెక్క ఒక్కటే. అక్కడి నంబరు ప్లేటు లారీలు వరసకట్టిన బంకు. రెండు కారణాలు. ఆ డీజిల్‌తో వాళ్లు రోజూ కొండ ఎక్కి దిగుతున్నారు. రెండోది, సరుకు రోజూ అయిపోయే బంకులో భూమిలోని ట్యాంకులో పాత సరుకు ఉండదు. ఖాళీగా ఉన్న బంకులో అక్టోబరులో దిగిన ఎండాకాలం డీజిల్ జనవరిలో కూడా అడుగున ఉండొచ్చు. నా నాగపూర్ ఉద్దెర కథ అదే.

నిండుగా ఎందుకంటే, నిండు ట్యాంకు నిదానంగా చల్లబడుతుంది. సగం ఖాళీ ట్యాంకులో గాలిలోని తేమ రాత్రి గోడలకు చెమ్మపట్టి డీజిల్‌లోకి దిగుతుంది. నీళ్లు సున్నాకే గడ్డకడతాయి. కొన్నిసార్లు మైనం కంటే ముందు ఈ నీళ్లే లైను మూస్తాయి. అందుకని జమ్ములో ఒకసారి, పైన ప్రతి సాయంత్రం, ఫిల్టరు కింద ఉండే నీళ్ల డ్రెయిన్ విప్పి వదులు. ఇంజిన్ ఆపిన వెంటనే, వేడిగా ఉన్నప్పుడే. పొద్దున చేద్దామంటే ఆ డ్రెయిన్ నట్టే బిగుసుకుని ఉంటుంది.

మందు సంగతి. చలికి డీజిల్ పేరుకోకుండా కలిపేవి పెద్ద ఊళ్లలో స్పేర్ పార్ట్స్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఇవి మైనాన్ని మాయం చేయవు. పెద్ద రేకులుగా పెరగాల్సిన దాన్ని సన్నటి రవ్వలాగా ఆపుతాయి, ఆ రవ్వ ఫిల్టరులోంచి జారిపోతుంది. కాబట్టి రేకులు పుట్టకముందే మందు డీజిల్‌లో ఉండాలి. మసకబారాక పోస్తే ఆ ఖర్చు వృథా. పేరుకున్నాక కరిగించే రకం వేరే ఉంటుంది, అది అత్యవసరానికి. జమ్ములో డీజిల్ పోయించే ముందు ఖాళీ ట్యాంకులో మందు పోసి, దాని మీద డీజిల్ పట్టించు, అదే కలిసిపోతుంది. డబ్బా మీద రాసిన కొలత ఎంతో అంతే. రెట్టింపు పోస్తే రెట్టింపు పని చేయదు. కామన్ రైల్ (అన్ని నాజిళ్లకూ ఒకే గొట్టం నుంచి గట్టి ఒత్తిడితో డీజిల్ అందించే) ఇంజిన్‌కు, డీపీఎఫ్ (సైలెన్సర్‌లో మసి పట్టే ఫిల్టరు) ఉన్న బండికి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉంటేనే కొను.

ఇప్పుడు కిరసనాయిలు. నీకు చెప్పిన పాత డ్రైవర్లు అబద్ధం చెప్పలేదు. మా కాలంలో మేమూ కలిపాం. కిరసనాయిలు పలచన, మైనం తక్కువ, కలిపితే డీజిల్ ఇంకొన్ని డిగ్రీలు తట్టుకునే మాట నిజం. కానీ ఆ బండ్లు వేరు. పాత లైన్ పంపులో కిందిభాగం తిరిగేది ఇంజిన్ ఆయిల్‌లో. నీ బండి పంపుకు వేరే ఆయిల్ లేదు, డీజిలే దానికి నూనె. లారీ టైరులో గాలి ఎనిమిది బార్‌ల చుట్టూ ఉంటుంది. నీ కామన్ రైల్‌లో డీజిల్ 1,600 బార్‌లకు పైగా ఒత్తిడితో ఉంటుంది. ఆ ఒత్తిడిలో జిడ్డు తక్కువైన కిరసనాయిలు పోస్తే పంపులో లోహం లోహాన్ని గీరుకుంటుంది.

రెండేళ్ల కిందట ఒక బీఎస్-6 బండి షాపుకు వచ్చింది. ఉత్తరాదికి పోయి వచ్చింది, స్టార్టింగ్ ట్రబుల్. పంపు విప్పి డీజిల్‌ను తెల్లటి ట్రేలో పోశాను. ఎండలో పెడితే అడుగున వెండిపొడి చల్లినట్టు మెరిసింది. పంపు అరిగిన రజను అది. ఆ రజను కామన్ రైల్‌లోకి, అక్కణ్నుంచి ఆరు నాజిళ్లలోకి పోయింది. పంపు, ఆరు నాజిళ్లు, కామన్ రైల్ కడిగించడం, ట్యాంకు కడిగించడం. ఓనరు మొత్తం బిల్లు చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత డ్రైవర్ ఒప్పుకున్నాడు, పోతూ వస్తూ నలభై లీటర్ల కిరసనాయిలు కలిపానని. అదొక్కటే కారణమని నేను ప్రమాణం చేయలేను, కానీ నా అనుమానం దాని మీదే.

దానికి తోడు బీఎస్-6 డీజిల్‌లో గంధకం పది లక్షల వంతుల్లో పది వంతులే ఉండాలి. కిరసనాయిలులో దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. సైలెన్సర్‌లో ఉన్న ఫిల్టరు, క్యాటలిస్టు దాన్ని తట్టుకోవు. చట్టం సంగతి సరేసరి. నీలం రంగు రేషన్ కిరసనాయిలు బండిలో దొరికితే అది కల్తీ కేసే, వారంటీ కూడా గోవిందా.

పెట్రోలు కలిపే మహానుభావులు కూడా ఉన్నారు. చెప్పడానికి కూడా నోరు రాదు. ట్యాంకులో పెట్రోలు ఆవిరి చేరితే నిప్పురవ్వ చాలు. వద్దు.

రాత్రి ఆపడం గురించి. అవకాశం ఉంటే ఇంజిన్, ఫిల్టరు ఉన్న వైపు గాలి తగలకుండా గోడకో ఇంకో లారీకో దగ్గరగా పెట్టు. గాలి వల్ల డీజిల్ బయటి ఉష్ణోగ్రత కంటే చల్లబడదు, కానీ ఆ చలికి గబగబా చేరుకుంటుంది. నడుస్తున్న బండిలో కామన్ రైల్ నుంచి వేడి డీజిల్ తిరిగి ట్యాంకులోకి వస్తూ ఉంటుంది కాబట్టి గండం తక్కువ. గండమంతా ఆపిన రాత్రే. పొద్దున ఎండ ట్యాంకు మీద పడే దిక్కు చూసి పెడితే ఇంకా మంచిది. రాత్రంతా ఇంజిన్ నడిపేవాళ్లూ ఉన్నారు. పాత బండికి డీజిల్ దండగ తప్ప నష్టం లేదు. బీఎస్-6లో గంటల తరబడి ఐడిలింగ్ చేస్తే డీపీఎఫ్‌లో మసి నిండుతుంది. గత్యంతరం లేకపోతే తప్ప వద్దు.

క్యాబిన్ అద్దాలు మూసి లోపల బొగ్గుల కుంపటి మాత్రం పెట్టుకోవద్దు. నేను ఆగిన ఒక పార్కింగ్‌లో ఇద్దరు నిద్రలోనే పోయారు. బొగ్గుల నుంచి వచ్చే ఆ విషవాయువు కనిపించదు, వాసన రాదు. రెండు రగ్గులు ఎక్కువ తీసుకుపో.

ఇంత చేసినా పొద్దున ఆగిపోతే ఏం చేయాలి? సెల్ఫ్ అదే పనిగా కొట్టకు. బ్యాటరీ పోతుంది, ఎండిన పంపు అరుగుతుంది. ఫిల్టరుకు గుడ్డ చుట్టి వేడినీళ్లు పోయి. సలసల కాగేవి కాదు, చేయి పెడితే చురుక్కుమనేవి. కింది గిన్నె ప్లాస్టిక్‌దైతే మరుగుతున్న నీళ్లకు పగులుతుంది. వైర్ల సాకెట్ మీద నీళ్లు పడనీయకు. అప్పటికీ కాకపోతే ఫిల్టరు మార్చు, ఇంజిన్‌కు కాస్త వేడి తగిలేదాకా రేస్ చేయకు. కొత్త ఫిల్టరు రాత్రి నీ రగ్గులో పెట్టుకుని పడుకో, నవ్వొద్దు, వెచ్చటి ఫిల్టరు సగం పని చేస్తుంది. కొత్త మోడళ్లలో కొన్నింటికి ఫిల్టరులో డీజిల్ నేరుగా పోసి బిగించకూడదు, హ్యాండ్ పంపుతోనే నింపాలి. నీ బండి పుస్తకంలో ఏం రాసి ఉందో ఇంట్లోనే చూసుకో. సాయం దొరికితే బండిని ఏదైనా షెడ్డులోకి లాగించి రెండు మూడు గంటలు వదిలేయడం అన్నిటికంటే మేలు. ట్యాంకు మొత్తం మసకబారి ఉంటే ఫిల్టరు మార్చినా అరగంటలో మళ్లీ మూసుకుంటుంది, అది గుర్తుంచుకో.

ట్యాంకు కింద మంట పెట్టడం అక్కడ ఇప్పటికీ చూస్తావు. గుడ్డలు తడిపి, టైరు ముక్కలు వేసి. అది చూసి నువ్వూ మొదలుపెట్టకు. నా ముందే ఒకతని బండికి ఎయిర్ బ్రేకు పైపులు కరిగిపోయాయి. అవి ప్లాస్టిక్‌వి, ట్యాంకు పక్కనే పోతాయి. డీజిల్ కరిగింది, బ్రేకు పోయింది. మంట అంటుకోకపోవడం అతని అదృష్టం.

డీఈఎఫ్ గురించి నువ్వు అడగలేదు కానీ చెప్పాలి. పొగ శుభ్రపడటానికి వేరే ట్యాంకులో పోసే ఆ యూరియా ద్రావణం మైనస్ 11 దగ్గర గడ్డకడుతుంది. శ్రీనగర్ దాకా అయితే అంత చలి అరుదు. గట్టిపడినా భయం లేదు, ఇంజిన్ వేడినీళ్లతో కరిగించే ఏర్పాటు బండిలోనే ఉంటుంది. అందులో ఉప్పో, వేడినీళ్లో, ఇంకేదో పోయవద్దు. ఇంజిన్ ఆపిన వెంటనే బ్యాటరీ కటాఫ్ తిప్పేయకు. ఆపాక పంపు కాసేపు తిరిగి పైపుల్లోని ద్రావణాన్ని వెనక్కి లాగుకుంటుంది. ఆ శబ్దం ఆగాకే కటాఫ్.

ఇక్కడ అన్నిటికంటే ముందు చూడాల్సింది రేడియేటర్. మన దగ్గర చాలా బండ్లలో కూలెంట్ తగ్గితే బోరు నీళ్లు పోస్తారు. ఏడాదికి అందులో కూలెంట్ పేరుకే ఉంటుంది. డీజిల్ పేరుకుంటే పూట పోతుంది. రేడియేటర్ నీళ్లు గడ్డకడితే ఇంజిన్ బ్లాకే పగులుతుంది. బయలుదేరే ముందు మొత్తం వదిలేసి, సగం కూలెంట్, సగం శుద్ధి చేసిన నీళ్లు పోయించు. ఆ పాళ్లలో మైనస్ 35 దాకా నిశ్చింత. బ్యాటరీ పాతదైతే ఇక్కడే మార్చు. చలికి దాని బలం పడిపోతుంది, మైనస్ 18 దగ్గర సగమే ఉంటుంది. ఎయిర్ ట్యాంకుల నీళ్లు రోజూ సాయంత్రం వదులు. ఇంజిన్ ఆయిల్ 15డబ్ల్యూ-40 శ్రీనగర్‌కు సరిపోతుంది.

ఎవరైనా శ్రీనగర్ నుంచి కార్గిల్, లేహ్ దాకా లోడు ఉందంటే నీ మొదటి చలికాలంలో ఒప్పుకోకు. అక్కడి చలి వేరే లెక్క. అందుకే ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో లడఖ్ కోసం ప్రత్యేకంగా చలికాలం డీజిల్ తెచ్చింది. పానిపట్ రిఫైనరీలో తయారైంది, మైనస్ 33 దాకా కదులుతుంది. అక్కడికే పోయేవాళ్లు ఆ డీజిల్ అందే బంకు ఎక్కడో ముందే కనుక్కుని, దారిలోనే ట్యాంకు ఖాళీ చేసుకుంటూ పోతారు.

ఈ జవాబు చదివే మన జిల్లాల వాళ్లకు ఒక మాట. డిసెంబరులో షాపుకు రోజుకు ఒకరైనా వచ్చి "చలికి డీజిల్ గడ్డకట్టింది, పొద్దున స్టార్ట్ కావడం లేదు" అంటారు. అనంతపురం, కడప, కర్నూలు చలికి మంచి డీజిల్ పేరుకోదు. మన దగ్గర రాత్రి పది డిగ్రీలకు దిగడమే అరుదు. బ్యాటరీ, గ్లో ప్లగ్గులు, ఎయిర్ లీకు, నాజిళ్లు చూపించుకోండి. ఒక్క మినహాయింపు ఉంది. రోడ్డు పక్క ట్యాంకర్లలో బయోడీజిల్ అని తక్కువకు అమ్మే సరుకు పోయించుకుంటే ఏమైనా జరగొచ్చు. పామాయిల్ లాంటి నూనెలతో చేసినది మామూలు డీజిల్ కంటే చాలా ముందే మసకబారుతుంది. ఆ సరుకు ట్యాంకులో ఉంటే, తమ్ముడూ, నువ్వు కూడా ఉత్తరానికి బయలుదేరకు.

చివరగా సామాను. రెండు ఫిల్టర్లు (మెయిన్‌ది ఒకటి, నీళ్లు వడకట్టేది ఒకటి), వాటి రబ్బరు రింగులు, ఫిల్టరు విప్పే బెల్టు పానా, మందు డబ్బా, రెండు గోనెపట్టాలు, నీళ్లు కాచుకోవడానికి చిన్న స్టవ్వు, టార్చి, చక్రాల కింద పెట్టే చెక్కలు. తడిసిన బ్రేకు రాత్రికి పట్టేస్తుంది, అందుకే చదునైన చోట ఆపి, గేర్‌లో వేసి, చెక్కలు పెట్టడం మేలు.

ఎలాగూ గుత్తి మీదనే కదా హైవే ఎక్కేది. బయలుదేరే ముందురోజు బండి తీసుకురా, ఆ ఫిల్టరు నీ చేత్తోనే రెండుసార్లు విప్పించి బిగించి చూపిస్తా. ఇక్కడ వెలుతురులో పది నిమిషాల పని. అక్కడ చీకట్లో, కొంకర్లు పోయిన వేళ్లతో మొదటిసారి చేయాలంటే గంట. ఆదివారం మాత్రం రావొద్దు, షాపు ఉండదు.